ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల కోసం అందరం కలిసి చేసే పని: తరచుగా అడిగే ప్రశ్నలు

మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచరును నేను. నేను పాఠాలు చెప్పే భవిత కేంద్రం గుమ్మంలో, అంగన్‌వాడీ అరుగు మీద, జిల్లా ఆసుపత్రి వరండాలో తల్లులు నన్ను ఆపి అడిగే ప్రశ్నలివి. కొన్ని ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, బడిలో పనిచేసే తోటి ఉపాధ్యాయులు అడిగినవి. ఇళ్లలో నేను చూసినదాన్ని బట్టి జవాబులు రాస్తున్నాను.

మా బాబుకి ఏడాదిన్నర నిండింది, ఇంకా నడవట్లేదు. "వాళ్ల నాన్నకీ నడక ఆలస్యంగానే వచ్చింది, ఊరుకో" అంటోంది అత్తయ్య. ఆగాలా, ఎవరినైనా అడగాలా?

అడగండి. అడిగాక "ఏమీ లేదమ్మా, బాగానే ఉన్నాడు" అంటే సంతోషంగా ఇంటికి వస్తారు. ఆగితే మాత్రం పోయిన నెలలు మళ్లీ రావు. చిన్న వయసులో మెదడు ఎంత త్వరగా నేర్చుకుంటుందో, నాలుగైదేళ్లు వచ్చాక అంత త్వరగా నేర్చుకోదు.

గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్నే. 4 నెలలకు మెడ నిలవాలి. 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. ఏడాదిన్నరకు సొంతంగా నాలుగడుగులు వేయాలి. ఏడాది దాటేసరికి పేరు పెట్టి పిలిస్తే తలతిప్పి చూడాలి. రెండేళ్లకు "అమ్మా దా", "పాలు కావాలి" లాంటి జంట మాటలు రావాలి. మీ దగ్గరున్న తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఇవన్నీ బొమ్మలతో ఉంటాయి. టీకాల పేజీ దగ్గరే ఆపేయకుండా ఆ పేజీలు కూడా తిప్పి చూడండి.

ఒక్క విషయంలో రేపు చూద్దాం అనుకోకండి. వచ్చిన మాటలు పోయినా, కూర్చునే బిడ్డ కూర్చోలేకపోతున్నా, కళ్లు నిలిపి ఒళ్లు బిగదీసుకున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

మిగతావాటికి మొదటి గుమ్మం మీ అంగన్‌వాడీ టీచరు, కాదంటే ఆశా. అక్కడ చెబితే మాట పైదాకా వెళ్తుంది.

ఒక్క మంచి డాక్టరు చాలదా? ఇంతమంది చుట్టూ ఎందుకు తిప్పుతున్నారు?

ఈ ప్రశ్నలో ఉన్న అలసట నాకు తెలుసు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు దెబ్బ తగిలి ఒంటి కదలికలు అదుపులో లేని స్థితి ఉన్న పాపనే తీసుకోండి. కండరాలు బిగుసుకుపోతాయి కాబట్టి ఫిజియోథెరపిస్టు కావాలి. నమలడం, మింగడం కష్టం కాబట్టి స్పీచ్ థెరపిస్టు కావాలి. చాలామంది స్పీచ్ థెరపీ అంటే మాటలు నేర్పడమే అనుకుంటారు గానీ, గొంతులోకి అన్నం క్షేమంగా దిగేలా చూడటమూ వాళ్ల పనే. మూర్ఛ ఉంటే పిల్లల డాక్టరు మందు రాయాలి. మెల్లకన్ను ఉందేమో, చెవి వినపడుతుందో లేదో వేరేవాళ్లు చూడాలి. బరువు పెరగకపోతే అంగన్‌వాడీ చూడాలి. ఆపైన బడి, సర్టిఫికెట్, పింఛను.

ఇవి విడివిడి సమస్యలైతే ఒక్కొక్కరి దగ్గరికి ఒక్కో రోజు వెళ్లినా సరిపోయేది. కానీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. నడుము నిలవని పాప తల వెనక్కి వాల్చి తింటుంది, అన్నం పొలమారుతుంది, దగ్గు, నెమ్ము, ఆసుపత్రి. బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే వ్యాయామానికి ఓపిక ఉండదు. ఇంకో ఇంట్లో చెవి వినపడని పిల్లాడిని "మొండివాడు, చెప్పిన మాట వినడు" అని రెండేళ్లు తిట్టారు. వాడికి నేను బొమ్మలతో ఎన్ని పాఠాలు చెప్పినా, ముందు చెవి పరీక్ష జరగకపోతే అది వృథా శ్రమే.

ఎవరెవరు ఏం చేస్తారు? మాకు పేర్లే గజిబిజిగా ఉన్నాయి.

బిడ్డ పెరిగే వరసలోనే చెబుతాను.

ఆసుపత్రిలో కాన్పు అయ్యాక ఆశా మీ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలప్పుడు రావాలి. ఆమె బరువు చూసి వెళ్లిపోతుందనుకోకండి, పాలు తాగే తీరు, ఒంటి బిగువు, చూపు అన్నీ గమనించమని ఆమెకు శిక్షణ ఇస్తారు. ఏఎన్ఎం టీకాల రోజున చూస్తారు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, ఆర్‌బీఎస్‌కే అంటారు. ఒక బండిలో ఇద్దరు డాక్టర్లు, ఒక ఏఎన్ఎం లేదా నర్సు, ఒక ఫార్మసిస్టు వస్తారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి వచ్చి పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం ఉన్నాయేమో చూస్తారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలు ఇందులోకి వస్తారు. బండి వచ్చే రోజు ముందే తెలుసుకుని పిల్లలను కేంద్రానికి తీసుకురండి. ఆ రోజు బిడ్డ అమ్మమ్మ ఊళ్లో ఉంటే ఇంకో ఆరు నెలలు ఆగాల్సి వస్తుంది.

వాళ్లకు అనుమానం వస్తే డీఈఐసీకి పంపుతారు. జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రిలో ఉండే కేంద్రం అది. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, కంటిచూపు పరీక్షించేవారు, పళ్ల డాక్టరు, ప్రత్యేక విద్య టీచరు, సోషల్ వర్కరు ఒకేచోట ఉండాలన్నది దాని ఏర్పాటు. అన్ని పోస్టులూ అన్ని జిల్లాల్లో ఎప్పుడూ నిండి ఉండవు, కాబట్టి వెళ్లే ముందు ఎవరు ఏ రోజు ఉంటారో ఫోన్ చేసి కనుక్కోండి.

బడి వయసు వచ్చాక మా వంతు. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ సహిత విద్య టీచర్లు, అంటే నాలాంటివాళ్లు ఉంటారు. నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ కూడా జరుగుతుంది. మంచం దిగలేని పిల్లల ఇంటికే వెళ్లి చదువు చెప్పడం కూడా మా ఉద్యోగంలో భాగమే.

ఇందులో ఒకరు మరిచిపోతే ఏమవుతుంది?

రెండు ఉదాహరణలు చెబుతాను.

నెలలు నిండకుండా, 2 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు కంటి వెనక రక్తనాళాలు సరిగా పెరగకపోవచ్చు. పుట్టిన 30 రోజుల లోపు కంటి డాక్టరు లోపలి పొర చూడాలి. సమయానికి చూస్తే చూపు నిలబెట్టవచ్చు, ఆలస్యమైతే శాశ్వతంగా పోవచ్చు. ఇందులో పిల్లల వార్డు డాక్టరు కాగితం మీద రాయాలి, నర్సు తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి, ఇంటికి వచ్చిన ఆశా "కళ్లకు చూపించారా?" అని అడగాలి. బాలింత పుట్టింట్లో ఉంటే ఆ ఊరి ఆశాకు కబురు అందాలి. ముగ్గురిలో ఏ ఒక్కరు అడిగినా బిడ్డ కంటి ఆసుపత్రికి చేరుతుంది. ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చెప్పే ఉంటారనుకుంటే చేరదు.

రెండోది వంకర పాదాలు. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెడితే వారానికొక కట్టు మారుస్తూ పాదం తిన్నగా చేస్తారు. కట్లు అయిపోయాక కడ్డీ ఉన్న బూట్లు మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిపూట తొడగాలి. ఆసుపత్రి పని బాగానే జరుగుతుంది. ఇంటికొచ్చాక బిడ్డ ఏడుస్తుంది, అమ్మమ్మ జాలిపడి బూట్లు తీసేస్తుంది, పాదం మళ్లీ వంకర తిరుగుతుంది. ఆ బూట్లు అటక మీద ఉన్న సంగతి డాక్టరుకు తెలియదు. ఆశాకు తెలుస్తుంది. ఆమె నింద వేయకుండా ఫోన్ చేస్తే, బూటు ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి సరిచేసి ఇస్తారు.

డీఈఐసీకి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

కాన్పు నాటి డిశ్చార్జి కాగితం, ముఖ్యంగా బిడ్డను పుట్టగానే అద్దాల పెట్టెలో పెట్టి ఉంటే ఆ కాగితం. రక్షణ కార్డు, ఆధార్, ఇప్పటిదాకా రాసిన మందుల చీటీలు. బట్టల షాపు కవరులో మడతలు పడి, సగం చెరిగిపోయిన చీటీలు తీసుకొచ్చే తల్లులను చాలామందిని చూశాను. పది రూపాయల ఫైలు కొని తేదీల వరసలో పెట్టండి. ఏ కాగితమూ అసలుది ఎవరికీ ఇచ్చేయకండి, జిరాక్సు ఇవ్వండి.

ఇంకోటి, ఫోనులో రెండు చిన్న వీడియోలు. బిడ్డ అన్నం తింటున్నది ఒకటి, ఆడుకుంటున్నది ఒకటి. కొత్తచోట పిల్లలు బిక్కచచ్చిపోయి ఏమీ చేయరు. మూర్ఛలాంటిది వస్తుంటే పక్కనున్నవాళ్లను అదీ తీయమనండి. పది నిమిషాల వర్ణన కన్నా ఆ వీడియో డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒకరు చెప్పినదానికి ఇంకొకరు చెప్పినదానికి పొంతన ఉండట్లేదు. ఎవరి మాట వినాలి?

దీనికి జవాబుగా మేం చేసిన తప్పొకటి చెబుతాను.

రెండున్నరేళ్ల పాప. సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ కూడా ఉంది. తల్లి మిరప కోతలకు వెళ్లేది. పాపను రోజూ గంట సేపు బోర్లా పడుకోబెట్టి మెడ ఎత్తించమన్నారు ఫిజియో. ఒళ్లో వాల్చి తినిపించొద్దు, నిటారుగా పట్టుకుని చిన్న చిన్న ముద్దలు పెట్టమన్నారు స్పీచ్ థెరపిస్టు. పొద్దున పూట బొమ్మలతో అరగంట కూర్చోబెట్టమని నేను చెప్పాను. ఎవరి మాట వాళ్లకు సరైనదే. రెండు నెలల తర్వాత ఆమె రావడం మానేసింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా "తల్లి సహకరించడం లేదు" అని రాసింది నేనే.

తర్వాత ఆశాతో కలిసి వాళ్లింటికి వెళ్లాను. వంటగది గోడ మీద బొగ్గుతో గీతలు గీసి ఉన్నాయి. మేం చెప్పినవన్నీ ఒక్కో గడిలో రాసుకుంది. లెక్క వేస్తే రోజుకు నాలుగు గంటల పైన అయింది. పొద్దున ఏడింటికి ఆటో ఎక్కితే సాయంత్రం ఆరింటికి దిగే మనిషి ఆమె. పైగా మూర్ఛ మందు వేసిన గంటకల్లా పాప మత్తుగా పడుకునేది, సరిగ్గా ఆ సమయంలోనే నేను బొమ్మలు చూపించమన్నాను. "మేడం, నిద్రపోయే పిల్లను లేపి కూర్చోబెడితే ఏడుస్తోంది, కొట్టబుద్ధి అవుతోంది, అందుకే మానేశా" అంది. మందు సంగతి నాకు తెలియదు. బొమ్మల సంగతి డాక్టరుకు తెలియదు. రెండూ తెలిసింది ఆమెకే, ఆమెను మేం అడగలేదు.

ఆ వారం నలుగురం ఒకేచోట కూర్చున్నాం. పాప మత్తు సంగతి విని డాక్టరు మందు వేళలు మార్చారు. ఊరి వడ్రంగి చేత గోడ మూలలా ఉండే చిన్న చెక్క కుర్చీ చేయించాం, ముందు పళ్లెం పట్టేంత బల్ల. సాయంత్రం ఆమె వంట చేస్తుంటే పాప ఆ కుర్చీలో కూర్చుంటుంది. నడుము నిలపడం, నిటారుగా తినడం, ఎదురుగా ఉన్న గరిటెను, గిన్నెను చూసి పేరు పలకడం, మూడూ అందులోనే అయిపోయాయి. రిజిస్టరులో ఆ వాక్యాన్ని కొట్టేసి పక్కన సంతకం పెట్టాను.

కాబట్టి మాటలు పొంతన లేకపోతే మీరు ఏదో ఒకటి ఎంచుకుని బాధపడకండి. "మీరిద్దరూ ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకుని నాకు ఒక మాట చెప్పండి" అని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది. మా మండలంలో ఇప్పుడు ప్రతి బిడ్డకూ ఒక నోటుబుక్కు ఉంది. అది తల్లి దగ్గరే ఉంటుంది, ఎవరు చూసినా అందులోనే రాయాలి. ఒక్కో ఇంటికి మాలో ఒకరు బాధ్యులు, ఏ సందేహం వచ్చినా ఆ ఒక్కరికి ఫోన్ చేస్తే చాలు.

అందరూ కూర్చుని మాట్లాడేటప్పుడు మమ్మల్ని రానిస్తారా?

మీరు లేకుండా కూర్చోకూడదు. తల్లీ తండ్రీ ఇద్దరూ రండి, బిడ్డను ఎక్కువగా చూసుకునేది నాయనమ్మ అయితే ఆమెనూ తీసుకురండి. అరగంట చాలు. నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "వచ్చే మూడు నెలల్లో ఏ ఒక్కటి జరిగితే మీ ఇంట్లో కష్టం తగ్గుతుంది?" ఒక తాతయ్య "బాత్‌రూంకి వెళ్లాలని సైగ చేస్తే చాలమ్మా" అన్నారు. ఆ మూడు నెలలూ సైగ మీదే అందరం పనిచేశాం. ఇంగ్లీషు మాట ఏదైనా దొర్లితే ఆపి అర్థం అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు.

కూలికి వెళ్లేవాళ్లం. ఇంట్లో వ్యాయామాలకు వేళ ఎక్కడిది?

వేరే వేళ పెట్టకండి. స్నానం, బట్టలు తొడగడం, అన్నం, నిద్ర, వీటిలోనే కలపాలి. చొక్కా తొడిగేటప్పుడు "చెయ్యి ఏది?" అని ఆగండి, బిడ్డ చెయ్యి కదిపేదాకా పదంకెలు లెక్కపెట్టండి. నూనె రాసి ఒళ్లు రుద్దే నాయనమ్మల చేతుల్లో చాలా మంచి ఉంది, దాన్ని మాన్పించొద్దు. బిగుసుకున్న కాళ్లను బలంగా లాగకూడదు, ముక్కులో చెవుల్లో నూనె పోయకూడదు. ఈ రెండు జాగ్రత్తలు చెబితే చాలు. ఫిజియోను ఒకసారి ఇంటికి పిలిచి నాయనమ్మకే చూపించమంటే ఇంకా మంచిది.

మా ఇంటి గుట్టు అందరికీ తెలిసిపోతుందేమో?

బిడ్డకు పనికొచ్చే విషయం, అదీ మీరు సరేనన్నదే, సంబంధించిన వాళ్లకే చెప్పాలి. ఫిజియోకు మీ అప్పుల సంగతి అక్కర్లేదు. వాట్సాప్ గ్రూపుల్లో బిడ్డ ఫొటో, పేరు, జబ్బు పెట్టడం మా వైపు జరిగే పొరపాటు. మీ బిడ్డది కనిపిస్తే తీసేయమని గట్టిగా చెప్పండి.

ఒక్కచోట మాత్రం మేం మౌనంగా ఉండలేం. బిడ్డను ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి చెబుతాం. లైంగిక దాడి అని తెలిసినా, అనుమానం వచ్చినా పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. మాట్లాడలేని పిల్లలు, ఒళ్లు కదపలేని పిల్లలు ఈ విషయంలో మరీ నిస్సహాయులు. ఈ మాట మేం మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పేస్తాం.

బడిలో "మేం చూసుకోలేం, ప్రత్యేక బడికి తీసుకెళ్లండి" అంటున్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరలోని బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. ఎంచుకోవాల్సింది మీరు. కాదంటే మండల విద్యాధికారికి కాగితం రాసివ్వండి, రాయడానికి మేం సాయం చేస్తాం.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. అరవై మంది మధ్య ఈ బిడ్డను ఎలా చూడాలన్న మీ భయం అన్యాయమైనదని నేను అనను. బిడ్డను చేర్చుకుని నాకు కబురు పెట్టండి. ముందు బెంచీ, పెద్ద అక్షరాల కాగితం, పక్కన ఒక మంచి స్నేహితుడు, వీటితోనే చాలామంది కుదురుకున్నారు.

సర్టిఫికెట్ తీసుకుంటే జీవితాంతం ముద్ర పడుతుందని మా ఆయన వద్దంటున్నారు.

ఆ సర్టిఫికెట్ ఎక్కడ చూపించాలో, ఎక్కడ చూపించక్కర్లేదో మీ ఇష్టం. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే సదరం శిబిరంలో పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్, దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ), ఇవి ఉంటేనే పింఛను, ప్రయాణ రాయితీ, పరీక్షల్లో అదనపు సమయం వస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది. థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి.

హైదరాబాద్ వెళ్తే నయమవుతుందా?

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు పూర్తి పరీక్ష చేసి, ఇంట్లో ఏం చేయాలో చెప్పి పంపుతారు. ఒకసారి వెళ్లి రావడం మంచిదే. అక్కడ ఇచ్చిన కాగితం తెచ్చి మాకు చూపించండి, రోజువారీ పని ఇక్కడే జరగాలి. ఆటిజాన్ని మందుతో పోగొడతామని డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. మూర్ఛ మందు ఎవరో చెప్పారని ఉన్నట్టుండి ఆపకండి, ప్రాణం మీదికి వస్తుంది.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఒక పాప మీద అనుమానంగా ఉంది. తల్లికి ఎలా చెప్పాలి?

పదిమందిలో చెప్పకండి, జబ్బు పేరు చెప్పకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. అందరూ వెళ్లాక కూర్చోబెట్టి, ముందు పాప బాగా చేసేదొకటి చెప్పండి. తర్వాత "పిలిస్తే తిరగట్లేదు, ఇంట్లో ఎలా ఉంటోంది వదినా?" అని అడిగి ఆగండి. సగం మంది తల్లులు అప్పటికే రాత్రుళ్లు అదే ఆలోచిస్తూ ఉంటారు, అడిగేవాళ్ల కోసమే చూస్తుంటారు. కోపం వస్తే రానివ్వండి, వారం తర్వాత మళ్లీ పలకరించండి. డీఈఐసీకి మొదటిసారి వెళ్లే రోజు వీలుంటే మీరో ఆశానో తోడు వెళ్లండి.

అందరూ బిడ్డ గురించే అడుగుతారు. నాకు నిద్ర పట్టట్లేదు, ఏడుపొస్తోంది. ఇదీ మీకు చెప్పొచ్చా?

చెప్పాలి. నోటుబుక్కులో మీ గురించి కూడా ఒక పేజీ ఉంది. మీ భర్తతో, అత్తగారితో మాట్లాడమంటే మేం మాట్లాడతాం. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

మా టీచరమ్మ బదిలీ అయ్యారు. మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలా?

అక్కర్లేకుండా చేయడం మా బాధ్యత. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఇద్దరూ కలిసి ఒకసారి మీ ఇంటికి రావాలి. మా దగ్గర అలా కుదిరిన ప్రతిసారీ కొత్తవాళ్లు రెండు వారాల్లో కలిసిపోయారు, కుదరని చోట బిడ్డ మూడు నెలలు వెనకబడింది. అలా రాకుండా ఎవరైనా వెళ్లిపోతే వాళ్లకే ఫోన్ చేసి అడగండి. కొత్తావిడ వచ్చిన రోజు నోటుబుక్కు మొదటి పేజీ తెరిచి ఇవ్వండి. బిడ్డకు ఏం ఇష్టం, దేనికి భయపడుతుంది, ఏడిస్తే ఎలా ఊరుకోబెట్టాలి, ఆ మూడూ అక్కడ మీ చేతిరాతతోనే ఉంటాయి.